ఆకాశపు అద్దాన్ని కొలిచిన ఆచార్యుడు: శిశిర్ కుమార్ మిత్ర

సావనీరుకు ఒక మహనీయుడి జీవితం రాసివ్వమంటే మనలో చాలామందికి వెంటనే తట్టే పేర్లు రామన్, జగదీశ్ చంద్ర బోస్, మేఘనాథ్ సాహా. తట్టడం న్యాయమే. అయితే ఆ ముగ్గురితోనూ దగ్గరి సంబంధం ఉండి, వాళ్ల వెలుగులో కొంచెం వెనకబడిపోయిన పేరు ఇంకొకటుంది. అది ఆచార్య శిశిర్ కుమార్ మిత్ర. ఫిజిక్సు, ఎలక్ట్రానిక్సు వాళ్లకు ఆయన బాగా తెలుసు. తక్కిన శాఖల మిత్రులు కూడా తెలుసుకోవలసిన మనిషని నా నమ్మకం. సముద్రం మీద పోతున్న విమానంలోంచి పైలెట్ మాట నేలమీదికి ఎలా చేరుతుందన్న ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే, మన దేశంలో అది మనల్ని ఈయన దగ్గరికే తీసుకుపోతుంది.

ముందు ఆ ప్రశ్న సంగతి చూద్దాం. మాది హనుమంతునిపాడు. పడమటగా పోతే నల్లమల, తూర్పుగా పోతే బంగాళాఖాతం. అటు హైదరాబాదు, ఇటు చెన్నై, రెండూ ఆకాశమార్గాన మాకు రెండున్నర వందల కిలోమీటర్ల చుట్టుపట్ల ఉంటాయి. మా నెత్తిమీద పది కిలోమీటర్ల ఎత్తున పోయే విమానం ఆ రెండు ఊళ్లలో దేనితోనైనా మాట్లాడగలదు. అందుకు వాడేది వి.హెచ్.ఎఫ్., అంటే 118 నుంచి 137 మెగాహెర్ట్జ్‌ల మధ్య ఉండే తరంగాలు. ఇవి మన చూపులాంటివి. సూటిగా పోతాయి. భూమి వంపుకు అవతల ఉన్నవాడికి అందవు. 35,000 అడుగుల ఎత్తున ఉంటే నాలుగు వందల కిలోమీటర్ల దాకా పలుకుతాయి. అదే 5,000 అడుగులకు దిగితే నూట అరవై దగ్గర ఆగిపోతాయి. మధ్యలో కొండ అడ్డమొస్తే ఆ మాత్రం కూడా ఉండదు.

2009 సెప్టెంబరు 2న ఆనాటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు హైదరాబాదు నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరిన హెలికాప్టరుతో నల్లమల ప్రాంతంలో మాట తెగిపోయింది. మర్నాడు గాని శిథిలాలు దొరకలేదు. అందులో ఉన్న ఐదుగురూ పోయారు. ఆ ప్రమాదానికి కారణాలేమిటన్నది వేరే సంగతి, దాని మీద విచారణ జరిగింది. నేను చెప్పేది అది కాదు. ఆకాశంలో ఉన్న మనిషి గొంతు ఆగిపోతే నేలమీద ఉన్నవాళ్లకు మిగిలేది అడవంతా గాలించడమేనని ఆ పగలూ ఆ రాత్రీ అందరికీ తెలిసొచ్చింది.

సముద్రం మీదైతే గాలించడానికి చెట్టూ పుట్టా కూడా ఉండవు. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు పదమూడు వందల కిలోమీటర్లకు పైనే. 2016 జూలై 22న చెన్నై దగ్గరి తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు బయల్దేరిన వాయుసేన ఎ.ఎన్-32 విమానం 29 మందితో బంగాళాఖాతం మీద కనబడకుండా పోయింది. వారిలో విశాఖపట్నం నావికా ఆయుధాగారంలో పనిచేసేవాళ్లు ఎనిమిది మంది. దాని శిథిలాలు సముద్రం అడుగున 3,400 మీటర్ల లోతున ఉన్నాయని 2024 జనవరిలో గాని తేలలేదు. ఏడేళ్ల పైచిలుకు ఆ కుటుంబాలు ఏ జాడా తెలియకుండా గడిపాయి. విమానానికీ నేలకూ మధ్య మాట ఉండడమన్నది ఎంత పెద్ద విషయమో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణలు అక్కర్లేదు.

మరి వి.హెచ్.ఎఫ్. అందని నడిసముద్రంలో విమానాలు ఏం చేస్తాయి? హెచ్.ఎఫ్. రేడియో వాడతాయి. 3 నుంచి 30 మెగాహెర్ట్జ్‌ల లోపు తరంగాలివి. మన పెద్దవాళ్లు షార్ట్‌వేవ్ అని సిలోన్ రేడియో విన్నది వీటిమీదే. ఇవి భూమి వంపు తిరిగిపోవడానికి కారణం, మన తలమీద వంద కిలోమీటర్ల నుంచి నాలుగు వందల కిలోమీటర్ల దాకా సూర్యుడి అతినీలలోహిత కిరణాలకు, ఎక్స్ కిరణాలకు అణువులు విచ్చిపోయి ఎలక్ట్రాన్లు తేలుతున్న ఒక ఆవరణం ఉండడం. దాన్ని అయనావరణం అంటాం. తరంగం పైకి పోయి, అక్కడ వంగి, మళ్లీ నేలకు దిగుతుంది. ఒక్క గెంతులో మూడు నాలుగు వేల కిలోమీటర్లు కూడా దాటగలదు. అద్దం లాంటిదే, కాని గోడకు తగిలించిన అద్దం కాదు. పగలొక రకంగా, రాత్రొక రకంగా, ఎండాకాలం ఒకలా, చలికాలం ఒకలా, సూర్యుడి మీద మచ్చలు పెరిగితే ఇంకోలా మారిపోయే అద్దం. ఆ మార్పు తెలియనివాడు ఏ ఫ్రీక్వెన్సీలో పిలిచినా బదులు రాకపోవచ్చు. ఆ అద్దాన్ని మన దేశపు ఆకాశంలో పట్టుదలగా కొలిచి చూపినవాడు మిత్ర గారు.

ఆయన 1890 అక్టోబరు 24న కలకత్తాలో పుట్టారు. తండ్రి జయకృష్ణ బడిపంతులు. తల్లి శరత్‌కుమారి ఆ రోజుల్లోనే క్యాంబెల్ మెడికల్ స్కూల్లో వైద్యం చదివిన మనిషి. ఆమెకు భాగల్పూరు లేడీ డఫరిన్ ఆస్పత్రిలో ఉద్యోగం రావడంతో కుటుంబమంతా అక్కడికి తరలిపోయింది. భార్య ఉద్యోగం కోసం భర్త ఊరు మారడం ఇవాళ కూడా నలుగురూ చెప్పుకునే సంగతే. నూట పాతికేళ్ల కిందట ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. తండ్రి త్వరగానే పోయారు. ఆ తరువాత ఇల్లు గడిచిందీ, కొడుకు చదువు సాగిందీ ఆ తల్లి జీతం మీదే.

మిత్ర పుట్టడానికి ఏడాది ముందు, 1889లో, రామచంద్ర చటర్జీ అనే ఆయన కలకత్తాలో బెలూనెక్కి ఆకాశంలోకి వెళ్లివచ్చాడు. ఆ ముచ్చట అన్నగారి నోట విన్న చిన్న శిశిర్‌కు, అంత బరువు గాలిలోకి ఎలా లేచిందన్న కుతూహలం పుట్టిందట. పై ఆకాశం మీద ఆయనకు మొదట మనసు పోయింది అప్పుడేనని చెబుతారు.

కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో 1912లో ఎం.ఎస్సీ. ముగించారు. అక్కడ జగదీశ్ చంద్ర బోస్ గారు తన చేత్తో చేసుకున్న పరికరాలతో విద్యుత్ తరంగాల ప్రయోగాలు చేసి చూపించడం ఆయన కళ్లారా చూశారు. పరిశోధనలోనే ఉండిపోవాలని కోరిక. కాని ఇంటి పరిస్థితి చూస్తే జీతం తప్పనిసరి. అందుకని భాగల్పూరులో ఒక కాలేజీకి, తరువాత బాంకురాలో మరో కాలేజీకి లెక్చరరుగా వెళ్లారు. చిన్న ఊళ్ల కాలేజీల్లో ప్రయోగశాలలు ఎలా ఉంటాయో మనకెవరూ చెప్పనక్కర్లేదు. పాఠం చెప్పుకుంటూ, పత్రికలకు సైన్సు వ్యాసాలు రాసుకుంటూ నాలుగేళ్లు అలా గడిపారు.

1916లో ఆశుతోష్ ముఖర్జీ గారు కలకత్తా విశ్వవిద్యాలయంలో యూనివర్సిటీ కాలేజ్ ఆఫ్ సైన్స్ నిలబెడుతూ యువకుల్ని ఏరి పిలిచారు. రామన్, సాహా, సత్యేన్ బోస్ అక్కడికి చేరిన కాలమే అది. మిత్ర కూడా చేరారు. రామన్ దగ్గర కాంతి మీద పనిచేసి 1919లో డి.ఎస్సీ. పొందారు. 1920లో పారిస్ వెళ్లి చార్లెస్ ఫాబ్రీ దగ్గర వర్ణపటాల మీద పనిచేసి 1923లో రెండో డాక్టరేటు తీసుకున్నారు. కొంతకాలం మేరీ క్యూరీ గారి సంస్థలోనూ ఉన్నారు. ఇంతవరకు ఆయన కాంతి శాస్త్రవేత్తే. ఆ దారిలోనే నడిచి ఉంటే హాయిగా పేరు సంపాదించుకునేవారు.

కాని అక్కణ్ణుంచి నాన్సీ వెళ్లి గుట్టోన్ అనే ఆచార్యుని దగ్గర రేడియో వాల్వుల పని చూసేసరికి ఆయన మనసు మారిపోయింది. మొదటి ప్రపంచయుద్ధం నాటికి విమానంలోంచి నేలకు మాట పంపడం సాధ్యమేనని తేలిపోయింది. వాల్వు అనే ఆ గాజు బుడ్డి రేడియోను మోర్సు టకటకల నుంచి మనిషి గొంతు దాకా తెచ్చింది. అయినా మన విశ్వవిద్యాలయాల ఫిజిక్సు ఎం.ఎస్సీ.లో ఆ సబ్జెక్టే లేదు. ముప్పై మూడేళ్ల వయసులో, రెండు డాక్టరేట్లు చేతిలో పెట్టుకుని, చేసిన పనంతా పక్కనబెట్టి కొత్త శాస్త్రంలో మొదటి మెట్టు మీద నిలబడడం చిన్న సంగతి కాదు. వైర్‌లెస్ పాఠం మన దేశంలో మొదలుపెట్టాలని ఆయన ఆశుతోష్ గారికి అక్కడినుంచే రాశారు. ఆయన ఒప్పుకున్నారు. 1923లో ఖైరా ప్రొఫెసరుగా తిరిగొచ్చిన మిత్ర ఎం.ఎస్సీ.లో వైర్‌లెస్ ప్రవేశపెట్టి, ప్రయోగశాల కట్టారు. 1927 ఆగస్టులో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ కలకత్తా కేంద్రం మొదలుకాక ముందే ఆ ప్రయోగశాల నుంచి కార్యక్రమాలు ప్రసారం చేశారంటే పిల్లలతో కలిసి ఎంత హుషారుగా పనిచేశారో చూడండి.

ఇక అసలు పని. 1901లో మార్కోనీ అట్లాంటిక్ సముద్రం దాటి సంకేతం అందుకున్నాడు. సూటిగా పోవలసిన తరంగం భూమి వంపు ఎలా తిరిగింది? పైన ఏదో విద్యుత్ పొర ఉండి ఉంటుందని 1902లో కెన్నెలీ, హెవీసైడ్ ఎవరికి వారే ఊహించారు. ఊహ ఊహగానే ఇరవయ్యేళ్లు ఉండిపోయింది. 1924లో ఇంగ్లండులో ఆపిల్టన్ ఆ పొర నిజంగానే ఉందని ప్రయోగం చేసి చూపించాడు. కాని ఇంగ్లండు ఆకాశం మన ఆకాశం కాదు. ఇక్కడ ఎండ వేరు, భూమి అయస్కాంత క్షేత్రం వేరు. అక్కడి లెక్కలు తెచ్చి ఇక్కడ వాడుకుంటే సరిపోదు. ఇది గ్రహించి, 1930లో మిత్ర, ఆయన శిష్యులు ఈ-పొరకు మన ఆకాశంలో ప్రయోగపూర్వకమైన ఆధారం సంపాదించారు. 1932-33లో ప్రపంచమంతా కలిసి జరిపిన రెండవ ధ్రువ సంవత్సరంలో కలకత్తా బృందం కూడా పాలుపంచుకుంది. 1933 ఆగస్టు 21న సూర్యగ్రహణం పట్టినప్పుడు, ఎండ తగ్గిన ఆ కాసేపట్లో అయనావరణం ఏమవుతుందో కొలిచి ప్రకటించారు. మన ఇళ్లలో గ్రహణం వేళ తలుపులు వేసుకుని కూర్చుంటే, ఆ పిల్లలు రిసీవర్ల ముందు కూర్చున్నారన్నమాట.

ఇక్కడ ఒక పోలిక చెప్పకుండా ఉండలేను. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా గారు కరాచీ నుంచి బొంబాయికి మొదటి టపా విమానం నడిపినప్పుడు అందులో రేడియో అన్నదే లేదు. ఎక్కిన తరువాత దిగేదాకా ఆ మనిషి సంగతి నేలమీద ఎవరికీ తెలియదు. అదే కాలంలో కలకత్తాలో మిత్ర గారు, రాబోయే విమానాల మాట మోసే పొరను కొలుస్తున్నారు. ఇద్దరికీ ఒకరి పని ఒకరికి అవసరమవుతుందని అప్పుడు తెలుసో లేదో గాని, అవసరమైంది.

1935లో ఆయన, శిష్యుడు శ్యామ్ కలిసి ఈ-పొరకు కింద, ఇంకా తక్కువ ఎత్తులో తరంగాల్ని మింగేసే పొర ఒకటి ఉన్నట్లు ఆధారాలు చూపారు. మనం ఇవాళ డి-పొర అనేది ఇదే. విమానాల వాళ్లకు దీని కథ చాలా ముఖ్యం. డి-పొర పగలే ఉంటుంది, తక్కువ ఫ్రీక్వెన్సీల్ని పీల్చేస్తుంది. అందుకని పగలు ఎక్కువ ఫ్రీక్వెన్సీ వాడాలి. పొద్దుగూకితే డి-పొర మాయమవుతుంది, పైనున్న ఎఫ్-పొర కూడా పలచబడుతుంది. అప్పుడు ఎక్కువ ఫ్రీక్వెన్సీ వంగకుండా చుక్కల్లోకి పోతుంది కాబట్టి తక్కువకు దిగాలి. సూర్యుడి మీద పెద్ద జ్వాల లేచిందా, డి-పొర ఒక్కసారిగా చిక్కబడి, పగటివైపు హెచ్.ఎఫ్. అంతా కాసేపు మూగబోతుంది. పైలెట్ చేతిలో ఒకటి కాదు, నాలుగైదు ఫ్రీక్వెన్సీలు ఇచ్చి పంపడం వెనక ఉన్న రహస్యం ఇదే.

మిత్ర గారు విమానాల రేడియో సెట్టు ఏదీ తయారు చేయలేదు. ఆ పని ఇంజనీర్లు చేశారు. శక్తి అంతా మాటకే దక్కేలా తరంగంలో ఒక పక్కనే పంపే సింగిల్ సైడ్ బ్యాండ్ పద్ధతి వచ్చింది. గంటల తరబడి ఆ బుసబుస వినలేక పైలెట్లకు తలనొప్పి వస్తుంటే సెల్‌కాల్ వచ్చింది. నేలమీది వాడు ఆ విమానానికి కేటాయించిన నాలుగు స్వరాలు పంపితే కాక్‌పిట్‌లో గంట మోగుతుంది, పేరు పెట్టి తలుపు తట్టినట్టు. ఇవన్నీ గొప్ప సదుపాయాలే. కాని పైన పొర ఎప్పుడెలా ఉంటుందో తెలియకపోతే ఎంత మంచి సెట్టయినా గుడ్డివాడి చేతిలో అద్దమే.

రెండో ప్రపంచయుద్ధంలో దేశంలో రేడియో పరిశోధనకు ఒక కమిటీ ఉండాలని పట్టుబట్టి సాధించి, దానికి ఆయనే అధ్యక్షత వహించారు. 1944-45లో ఇంగ్లండు, అమెరికా వెళ్లిన భారతీయ శాస్త్రజ్ఞుల బృందంలో సాహా, భట్నాగర్‌లతో పాటు ఆయన కూడా ఉన్నారు. 1946లో భూమి అయస్కాంత క్షేత్రం ఎఫ్-పొరను ఎలా అదుపు చేస్తుందో వివరించే ప్రయత్నం చేశారు. అయస్కాంత భూమధ్యరేఖ మీద కన్నా దానికి అటూ ఇటూ కొంత దూరాన ఎలక్ట్రాన్లు ఎక్కువ గుమిగూడడం ఒక వింత. ఆ రేఖ మన దేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది. కలకత్తా ఆ గుమిగూడిన శిఖరానికి దగ్గర. మన తెలుగుదేశం ఆ రెంటికీ మధ్య ఉంది. కాబట్టి ఆయన చెప్పింది మన నెత్తిమీది ఆకాశం కథే.

ఆయన పేరు ప్రపంచమంతా తెలిసింది మాత్రం ఒక పుస్తకం వల్ల. పై ఆకాశం గురించి అప్పటిదాకా తెలిసిందంతా ఒకచోట చేర్చి రాసిన ది అప్పర్ అట్మాస్ఫియర్ 1947లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ ద్వారా వెలువడింది. 1952లో పెద్దది చేసి రెండో కూర్పు తెచ్చారు. 1955లో రష్యన్ భాషలోకి వెళ్లింది. రాకెట్లు ఉపగ్రహాలు పంపిన దేశాల పిల్లలు మన దేశంలో రాసి, మన దేశంలో అచ్చయిన పుస్తకం చదివి పాఠం నేర్చుకున్నారు. మనం సాధారణంగా దీనికి తిరగేసిన వరసలోనే అలవాటుపడ్డాం కదూ!

ఆయన చెప్పిందంతా నిలబడిందనుకోకూడదు. క్రియాశీల నైట్రోజన్ మీద ఆయన ప్రతిపాదించిన సిద్ధాంతాన్ని తరువాతి ప్రయోగాలు సమర్థించలేదు. జీవిత చరిత్రల్లో మనం ఇలాంటివి దాటవేస్తుంటాం. అక్కర్లేదు. ఒక సిద్ధాంతం వీగిపోయినందువల్ల ఆయన ఎత్తు ఒక్క అంగుళం తగ్గలేదు. కొలిచి పెట్టిన కొలతలూ, తయారుచేసిన మనుషులూ నిలిచారు.

ఇంట్లో సుఖమేమీ అంతగా లేదు. 1914లో పెళ్లాడిన లీలావతీ దేవి గారు 1939లోనే పోయారు. ఆ తరువాత పాతికేళ్లూ ఆయనకు విద్యాలయమే ఇల్లయింది. 1949లో కలకత్తా విశ్వవిద్యాలయంలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రేడియో ఫిజిక్స్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఆయన చేతుల మీదుగా వెలిసింది. ఊరికి దూరంగా హరింఘాటాలో అయనావరణ కేంద్రం వెలిసింది. 1955లో పదవీ విరమణ చేశాక, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆయన్ని సెకండరీ విద్యా మండలికి పాలకుడిగా నియమించింది. ఇంత పెద్ద శాస్త్రవేత్త హైస్కూలు పరీక్షల వ్యవహారాలు చూడడమేమిటని అనిపించవచ్చు. బడి బాగుంటేనే కాలేజీ బాగుంటుందని చిన్న ఊళ్లలో పాఠం చెప్పిన మనిషికి వేరే చెప్పాలా! 1958లో రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చింది. 1962లో జాతీయ ఆచార్య పదవి, పద్మభూషణ్ వచ్చాయి. 1963 ఆగస్టు 13న కన్నుమూశారు.

మూడు నెలలు దాటాక, 1963 నవంబరు 21న, తిరువనంతపురం దగ్గరి తుంబా నుంచి మన గడ్డ మీది మొదటి రాకెట్టు పై ఆకాశంలోకి లేచింది. తుంబాను ఎంచుకున్నది అది అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర ఉందనే. ఏళ్ల తరబడి నేలమీద నుంచే పైకి తరంగాలు పంపి ప్రతిధ్వని విని కొలిచిన మనిషి, అక్కడికే పరికరం వెళ్లే రోజు చూడకుండా పోయారు. చందమామ అవతలి వైపున ఒక బిలానికి ఆయన పేరు పెట్టారు.

ఆయన వేసిన బాట మన వైపుకూ వచ్చింది. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్య బి. రామచంద్రరావు గారు, వారి శిష్యులు 1950లలోనే అయనావరణంలో వీచే గాలుల్ని కొలిచారు. తిరుపతి దగ్గర గాదంకిలో ఉన్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల రాడారు ఇప్పటికీ పై ఆకాశాన్ని చూస్తోంది. అంటే ఇది కలకత్తా వారి సొత్తే కాదు.

ఉపగ్రహాలు వచ్చాయి కదా, ఇంక హెచ్.ఎఫ్. ఎందుకని కొందరు మిత్రులు నన్నడిగారు. నిజమే, సముద్రం మీద పోయే విమానాలు ఇవాళ ఉపగ్రహం ద్వారా రాతపూర్వక సందేశాలు పంపుతున్నాయి. అయినా విమానాల్లోంచి హెచ్.ఎఫ్. సెట్టు పోలేదు. మధ్యలో ఎవరి ఉపగ్రహమూ, ఎవరి తీగా లేకుండా రెండు సెట్లూ ఒక ఆకాశమూ ఉంటే చాలు పనిచేసే సాధనం అదొక్కటే. కష్టకాలంలో చివరిదాకా నమ్ముకోదగ్గది అదే.

మన కాలేజీ లేబొరేటరీలో పరికరాలు లేవని, ఉన్నవి పాతవని మనం ఏటా సంఘం తరఫున అర్జీలు పెడుతున్నాం. పెట్టాల్సిందే, మానకూడదు. కాని బాంకురా కాలేజీ లెక్చరరు ఆ కారణం చూపి చేతులు ముడుచుకుని ఉంటే మన ఆకాశపు లెక్కలు ఇంగ్లండు నుంచే వచ్చేవి. ఒక షార్ట్‌వేవ్ రిసీవరు, ఒక గడియారం, ఒక నోటు పుస్తకం ఉంటే చాలు. ఏ స్టేషను ఏ వేళ వినబడుతోందో, పొద్దుగూకాక ఎప్పుడు సన్నగిల్లుతోందో ఒక ఏడాది రాసిపెట్టినా అది అయనావరణం మీద పాఠమే. ఆ పొర నిన్నటిలా ఇవాళ లేదు, ఇవాళటిలా రేపుండదు. మిత్ర గారు మొదలుపెట్టిన కొలత పని అందుకే పూర్తి కాలేదు. అది మన వంతు కూడా.